ఔత్సాహిక పద్య నాటకం

నటన వృత్తి కాని పెద్దవాళ్ళు తీరిక వేళల్లో నేర్చుకుని ఆడే తెలుగు సంగీత నాటకమే ఔత్సాహిక పద్య నాటకం. రైతులు, బడిపంతుళ్ళు, ప్లీడర్లు, రైల్వే గుమాస్తాలు, కిరాణా కొట్ల యజమానులు ఇందులో వేషాలు కడతారు. కథలు ఎక్కువగా భారత, భాగవతాలవి. సంభాషణ వచనంలో మొదలవుతుంది. భావం బరువెక్కగానే పద్యంలోకి మళ్ళుతుంది. పద్యం రాగంలో సాగుతుంటే హార్మోనియం దాన్ని వెన్నంటే ఉంటుంది. సంగీతం ఓనమాలు కూడా రానివాడు నలభయ్యో ఏట మొదలుపెట్టి, యాభై దాటాక చుట్టుపక్కల ఊళ్ళలో కృష్ణుడిగా పేరు తెచ్చుకోవడం ఈ రంగంలో వింతేమీ కాదు.

తెలుగు నాటకం అనగానే సురభి కుటుంబాలో, మైలవరం కంపెనీయో, మహానటుల పేర్లో గుర్తుకొస్తాయి. చరిత్రలు కూడా ఆ వరసలోనే నడుస్తాయి. కానీ పద్య నాటకాన్ని పుట్టించిందీ, డబ్బు రాని రోజుల్లో నిలబెట్టిందీ ఎక్కువగా ఔత్సాహికులే. సాగదీసిన రాగం, విడివిడిగా ఆడే సీన్లు, ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు లాంటివాటిని విమర్శకులు ఈ నాటకానికి పట్టిన తెగుళ్ళుగా చూస్తారు. వాటిలో చాలావాటికి కారణం, పొద్దంతా వేరే పని చేసుకుని రాత్రిపూట నాటకం నేర్చుకునే మనిషి అవసరాలే.

ప్లీడర్లు, పంతుళ్ళు

1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన విద్యార్థుల చేత ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించాడు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు అది మొదలని సాధారణంగా చెబుతారు. ధార్వాడ నాటక సమాజం ఆ ఊరు వచ్చి హిందీ నాటకాలు ఆడి వెళ్ళిన తరవాతి ఊపు అది. దానికే ‘ప్లీడరు నాటకం’ అని ఇంకో పేరు. కోర్టు వ్యవహారాల్లోని అక్రమాల మీద రాసిన ప్రహసనం. తమాషా ఏమిటంటే, ఆ తరవాత అరవై ఏళ్ళు తెలుగు నాటకాన్ని భుజాన మోసినవాళ్ళలో ప్లీడర్లే ముందు వరసలో ఉన్నారు.

బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853–1912) ప్లీడరు. ఆయన సరసవినోదినీ సభ 1887లో ‘చిత్రనళీయం’ ఆడింది. పాత్రల చేత పద్యాలూ పాటలూ రాగయుక్తంగా పాడించే పద్ధతి తెలుగు రంగస్థలం మీద కుదురుకోవడానికి ఆయనే ముఖ్య కారకుడు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు ఊరికే రాలేదు. అదే ఊళ్ళో సుమనోరమ సభ నడిపిన కోలాచలం శ్రీనివాసరావు (1854–1919) కూడా ప్లీడరే. ధర్మవరం వారి మేనల్లుడు బళ్ళారి రాఘవ (1880–1946) సైతం పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. కోలాచలం వారి ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం వేషం రాఘవకు పెద్ద పేరు తెచ్చింది. ఏలూరులో బందా కనకలింగేశ్వరరావు వకీలు వృత్తిలో ఉంటూనే ప్రభాత్ థియేటర్ పెట్టి కృష్ణ పాత్రకు ప్రసిద్ధుడయ్యాడు.

ప్లీడర్లే ఎందుకంటే జవాబు కష్టం కాదు. పెద్ద గొంతుతో, నిండు సభలో, జంకు లేకుండా మాట్లాడటం వాళ్ళకు రోజువారీ పని. కోర్టులకు వేసవి సెలవులు ఉండేవి. చేతిలో నాలుగు డబ్బులు, సాయంత్రం కలుసుకోవడానికి ఒక క్లబ్బు ఉండేవి. వేషం వేసినందుకు కులం, పరువు పోతాయన్న భయం కూలివాడికంటే తక్కువ. భాగవతులు, వేషగాళ్ళు తరతరాలుగా చేస్తున్న పనిని చదువుకున్నవాళ్ళు ‘సభ’, ‘సమాజం’ అని పేరు పెట్టుకుని చేపట్టారు. డబ్బు పుచ్చుకోకపోవడమే ఆ పరువుకు పునాది. అందులో కొంత దొరతనం ఉందని కూడా ఒప్పుకోవాలి.

బళ్ళారి వాళ్ళు మద్రాసు వెళ్ళి ఆడిన నాటకాలు చూసి పమ్మల్ సంబంధ ముదలియార్ 1891లో అక్కడ సుగుణ విలాస సభ స్థాపించాడు. తమిళ ఔత్సాహిక నాటకానికి మూలపురుషుడిగా పేరుపొందిన ఆయనకు ప్రేరణ తెలుగు ప్లీడర్ల నాటకం.

రాజమండ్రి దారి కొంచెం వేరు. అక్కడ ఇమ్మానేని హనుమంతరావు నాయుడి సమాజం కోసం చిలకమర్తి లక్ష్మీనరసింహం నాటకాలు రాసి ఇచ్చేవాడు. ‘గయోపాఖ్యానం’ అలా పుట్టిందే. లక్ష ప్రతులు అమ్ముడుపోయిన తెలుగు పుస్తకంగా దానికి పేరు. అన్ని ప్రతులు కొన్నది చదువుకునేవాళ్ళేనా? ఊరూరా ఆడేవాళ్ళు కొంటేనే ఒక నాటకం పుస్తకం అంత దూరం పోతుంది. ఆ సమాజంలో వేషాలు కట్టిన కుర్రాళ్ళలో టంగుటూరి ప్రకాశం ఒకడు. తరవాత ప్లీడరయ్యాడు, 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. తన నాటకాల పిచ్చిని ఆత్మకథలో దాచుకోలేదు కూడా.

నాలుగు పుస్తకాలు

వందేళ్ళలో వందలకొద్దీ పద్య నాటకాలు అచ్చయ్యాయి. ఊళ్ళలో నిలిచినవి మాత్రం కొన్నే. తిరుపతి వేంకట కవులు పాండవుల కథను ఆరు నాటకాలుగా రాశారు. వాటిలో ‘పాండవోద్యోగం’, ‘పాండవ విజయం’ జనం నోట పడి ‘రాయబారం’, ‘కురుక్షేత్రం’ అయ్యాయి. బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయం’ 1912 నాటిది. వీటికి తోడు ‘గయోపాఖ్యానం’, కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’. ప్రాంతాన్ని బట్టి ‘శ్రీకృష్ణ తులాభారం’, ‘రామాంజనేయ యుద్ధం’ కూడా.

అచ్చుపుస్తకంలో ఉన్నదీ, రంగం మీద వినిపించేదీ ఒకటి కాదు. హరిశ్చంద్రుడి కాటిసీనులో నటులు గుర్రం జాషువా శ్మశానం మీద రాసిన పద్యాలు పాడతారు. అవి బలిజేపల్లి వారివి కావు, నాటకం వచ్చిన చాలా ఏళ్ళకు రాసినవి. అయినా ఇవాళ ఆ పద్యాలు ఎగరగొడితే ప్రేక్షకులు ఊరుకోరు. ఎవరో ఒక నటుడు బాగుందని కలుపుకున్నాడు, మిగతావాళ్ళు విని నేర్చుకున్నారు, నాటకమే అలా స్థిరపడింది. తెర లేవకముందు పాత్రధారులంతా కలిసి పాడే ‘పరబ్రహ్మ పరమేశ్వర’ ప్రార్థన సంగతీ అంతే. చందాల కేశవదాసు రాసిన ఆ పాట ఇప్పుడు ఏ నాటకానికైనా ముందు వినిపిస్తుంది. ఊళ్ళో నాటకం మొదలవుతోందని ఇళ్ళలో ఉన్నవాళ్ళకు తెలిసేది దానితోనే.

పెట్టె మాస్టారు

ఊళ్ళో నాటకం వేద్దామన్న మాట పుట్టగానే మొదట వెతికేది హార్మోనిస్టును. నటులు తరవాత దొరుకుతారు. హార్మోనిస్టును హార్మనీ మాస్టారనో, పెట్టె మాస్టారనో పిలుస్తారు. సంగీత గురువు, దర్శకుడు, ఎవరికి ఏ వేషమో తేల్చే పెద్దమనిషి, అన్నీ ఆయనే. పది నాటకాలు పద్యాలతో సహా ఆయనకు కంఠతా. ఏ నాటకం ఆ ఊరికి తగునో ఆయనే చెబుతాడు. బలమైన గొంతున్నవాడు ఒక్కడే ఉంటే హరిశ్చంద్ర, నలుగురైదుగురు ఉంటే కురుక్షేత్రం.

రిహార్సల్స్ రాత్రి భోజనాలయ్యాక రామాలయం అరుగు మీదనో, బడి వసారాలోనో జరుగుతాయి. అందరికీ నాటకం పుస్తకం ఇవ్వరు. ఎవరి పోర్షను వాళ్ళ నోటుబుక్కులో రాసుకుంటారు. ఎదుటి పాత్ర ముగించే చివరి రెండు మాటలు, ఆ కింద తన మాట, తన పద్యం, పక్కన మార్జిన్లో రాగం పేరు. మోహన, కల్యాణి, బిలహరి, కాంభోజి, హిందోళం, సింధుభైరవి లాంటి పదీ పదిహేను రాగాలతో రాత్రంతా నడిచిపోతుంది. నేర్చుకునేవాడికి ఆ రాగాల ఆరోహణ అవరోహణలు తెలియనక్కరలేదు. ‘అమ్మవారి పద్యం వరస’, ‘జెండాపై కపిరాజు వరస’ అని ఒక పద్యాన్ని గుర్తుపెట్టుకుంటే, ఆ వరసలో ఇంకో పద్యం ఎక్కించుకోవచ్చు. చదవడం రానివాళ్ళు కూడా మాస్టారి నోటి వెంట విని వంద పద్యాలు పట్టేసిన సందర్భాలు పల్లెటూళ్ళలో కొల్లలు.

పద్యం నేర్పడానికి ఒక వరస ఉంది. మంచి మాస్టారు మొదటే రాగం ఎత్తుకోనివ్వడు. ముందు పద్యాన్ని వచనంలా చెప్పిస్తాడు. ఎక్కడ మాట విరుగుతుంది, ఎవరిని ఉద్దేశించి అంటున్నాడు, కోపమా ఎత్తిపొడుపా అన్నది తేలాలి. ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, చంపకమాలలో 21, శార్దూలంలో 19, మత్తేభంలో 20. పాదం ముగిసినచోట అర్థం ముగియదు. సమాసం ఒక పాదంలో మొదలై రెండో పాదంలోకి దూకుతుంది. కొత్తవాడు పాదం చివర ఊపిరి తీసుకుంటాడు, సమాసం నడుం విరుగుతుంది. అందుకే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నోటుబుక్కులో గీతలు పెట్టిస్తారు. సీసపద్యం ఇంకా కఠినం. నాలుగు పెద్ద పాదాలు పాడాక కింద తేటగీతో ఆటవెలదో ఉంటుంది. సగంలో గొంతు తడారిపోయినవాడు ఆ ఎత్తుగీతి దగ్గర దొరికిపోతాడు.

ఆ తరవాత శ్రుతి. ‘నీది ఎంత?’ అని ఒక నటుడు ఇంకొకణ్ణి అడిగితే జీతం గురించి కాదు. ఒకటిన్నరా, రెండా, నాలుగా అని. మైకులు లేని కాలంలో చివరి వరసలో కూర్చున్నవాడికి మాట అందాలంటే నాలుగు, ఐదు శ్రుతుల్లో పాడక తప్పేది కాదు. ఆ ఎత్తు గొంతే పద్య నాటకానికి గుర్తుగా నిలిచిపోయింది. మైకు వచ్చాక దాని అవసరం తీరిపోయినా మోజు తీరలేదు. నడివయసులో మొదలుపెట్టేవాళ్ళు ఆ మోజుకు గొంతు పాడుచేసుకుంటారు. తెలిసిన మాస్టారైతే శిష్యుణ్ణి కింది శ్రుతిలోనే ఉంచి, వేదిక మీద కృష్ణుడికి ఒక శ్రుతి, అర్జునుడికి ఇంకో శ్రుతి మార్చి మార్చి ఇస్తాడు. కాలితో తొక్కే హార్మోనియమైతే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి కనుక, నటుడు తప్పిన స్వరాన్ని కుడిచేత్తో సర్దుతూ, ఎడంచేత్తో శ్రుతి నిలబెట్టగలడు. పద్యం మధ్యలో మాట మరిచిపోయినవాడు రాగం తీస్తూ నిలబడితే, మాస్టారు ఆ రాగాన్ని అందుకుని పొడిగిస్తాడు. ఈలోగా సైడ్ వింగులోంచి ప్రాంప్టరు మాట అందిస్తాడు. జనం మాత్రం ఆహా ఏం రాగం అనుకుంటారు. పద్య నాటకంలో రాగాల సాగదీతను బళ్ళారి రాఘవ లాంటివాళ్ళు నిరసించారు. భావం చంపేస్తోందన్న వాళ్ళ మాట నిజమే. అయితే ఆ సాగదీతే మామూలు నటుణ్ణి ఎన్నోసార్లు ఒడ్డున పడేసింది.

ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు

రాత్రి పదింటికి తెర లేస్తే తెల్లవారుజాము దాకా ఆడే నాటకంలో కృష్ణుడి పద్యాలన్నీ ఒక్కడే పాడటం పెద్ద విద్వాంసులకే కష్టం. అందుకని పాత్రను సీన్ల వారీగా పంచుతారు. పడక సీనుకు ఒకటో కృష్ణుడు, రాయబారానికి రెండో కృష్ణుడు, యుద్ధరంగానికి మూడో కృష్ణుడు. ప్రేక్షకులకు ఇందులో తికమక ఏమీ ఉండదు. కిరీటం, నెమలి పింఛం, నీలం రంగు ఉంటే కృష్ణుడే.

ఈ పద్ధతికి పెద్ద ఊపు ఇచ్చినవి కాంట్రాక్టు నాటకాలు. ఒక కాంట్రాక్టరు వేరు వేరు ఊళ్ళ నుంచి పేరున్న నటులను విడివిడిగా పిలిపించి, టిక్కెట్టు పెట్టి, ఒకే రాత్రి ఒకే నాటకంలో నిలబెట్టేవాడు. ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు లాంటివాళ్ళు ఆ రోజుల్లో జనాన్ని రప్పించిన పేర్లు. రిహార్సల్ ఉండదు, ఒకరికొకరు వేదిక మీదే కలుస్తారు. దర్శకుడనేవాడికి అందులో చోటు లేదు. నాటకం పద్యాల పోటీగా మారిందని విమర్శకులు మొత్తుకున్నారు, వన్స్ మోర్ అన్న కేకలకు చచ్చిపోయిన పాత్ర లేచి మళ్ళీ పాడిన కథలు చెప్పుకుని నవ్వుకున్నారు.

ఔత్సాహికుడికి మాత్రం ఇది వరమైంది. పూర్తి పాత్ర నేర్చుకోలేనివాడు పాతిక పద్యాలు నేర్చుకుని ఒక సీను ఆడవచ్చు. ముగ్గురు కృష్ణులుంటే ఖర్చుకు మూడు చందాలు. ముగ్గురి బంధువులూ ముందు వరసలో ఉంటారు. ఇప్పుడు రాత్రంతా కూర్చునే ఓపిక ఎవరికీ లేదు కనుక రాయబారం సీను, కాటిసీను, గయుడి కథలో కృష్ణార్జునుల వాగ్వాదం గంట గంటన్నర ముక్కలుగా ఆడుతున్నారు. ఇంకా చిన్న ముక్క కావాలంటే ఏకపాత్రాభినయం ఉంది. దుర్యోధనుడి మయసభ ఘట్టం అందులో రాజు. పదవీ విరమణ సభల్లో, కాలేజీ వార్షికోత్సవాల్లో, వనభోజనాల్లో గద లేకపోయినా ఆ ఘట్టం నడిచిపోతుంది.

ఆడవేషం

సురభి వాళ్ళు కుటుంబాలుగా ఆడేవాళ్ళు కనుక వాళ్ళ నాటకాల్లో స్త్రీ పాత్రలు స్త్రీలే వేశారు. సమాజాల నాటకంలో ఆ పని మగవాళ్ళది. బాపట్లకు చెందిన స్థానం నరసింహారావు (1902–1971) 1920లో ఒక రాత్రి రావలసిన నటుడు రాకపోవడంతో హరిశ్చంద్రలో చంద్రమతి వేషం వేశాడు. తరవాత తెనాలి రామవిలాస సభలో సత్యభామగా ఆయన సాధించిన పేరు ఏ నటుడికీ దక్కలేదు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో ‘మీరజాలగలడా’ పాట ఆయనే రాసుకున్నాడు. నాటకంలో లేని ఆ పాట 1966 నాటి సినిమాలోకి కూడా వెళ్ళింది. 1956లో పద్మశ్రీ వచ్చింది.

స్త్రీల పాత్రలు స్త్రీలే వేయాలని రాఘవ పట్టుబట్టాడు, చదువుకున్న కుటుంబాల స్త్రీలను రంగం మీదికి తెచ్చాడు. పల్లెల్లో జరిగింది మాత్రం ఇంకో రకం మార్పు. మగపాత్రలు ఊరివాళ్ళు వేస్తారు. ద్రౌపదికి, చంద్రమతికి పట్నం నుంచి వృత్తి కళాకారిణిని డబ్బిచ్చి పిలిపిస్తారు. ఆమె ఆ పాత్రను వందలసార్లు ఆడి ఉంటుంది. ఎదురుగా మొదటిసారి రంగు వేసుకున్న హరిశ్చంద్రుడు. రిహార్సల్ అన్నది ఆ సాయంత్రం మేకప్ గదిలో ఒక పావుగంట. ఆ రాత్రి నాటకాన్ని నిజంగా నడిపేది ఆమె. హరిశ్చంద్రుడు పద్యం దాటేస్తే తన మాటలో ఆ అర్థం కలిపి ముందుకు లాగుతుంది. మర్నాడు ఊరు హరిశ్చంద్రుణ్ణి మెచ్చుకుంటుంది, ఆమె తొలి బస్సుకే వెళ్ళిపోయి ఉంటుంది. ఈ కళాకారిణుల జీవితాల మీద రాసింది చాలా తక్కువ. తెలుగు నాటక చరిత్రలో ఇంకా పూడ్చని గొయ్యి ఇదే.

ఖర్చు ఎవరిది

ఔత్సాహిక నాటకంలో నటుడికి డబ్బు రాదు, అతనే ఇస్తాడు. మాస్టారి నెలల జీతం, తబలా, ఢోలక్ వాయించేవాళ్ళ రాత్రి కూలి, స్త్రీ పాత్రధారిణుల పారితోషికం, మైకు, పందిరి, వీధి తెర, అడవి తెర, దర్బారు తెర, కిరీటాలు, భుజకీర్తులు, మేకప్, అన్నీ అద్దెకు, జీతానికి తెచ్చుకునేవే. పెద్ద పాత్రకు పెద్ద వాటా, చిన్న పాత్రకు చిన్న వాటా వేసుకుంటారు. డబ్బున్న ఆసామి గొంతు బాగోకపోయినా కృష్ణుడు కావడం, గొంతున్న పేదవాడు బంట్రోతు వేషంతో సరిపెట్టుకోవడం ఈ లెక్కలోని అన్యాయం. మాస్టారు గట్టివాడైతే అడ్డుపడతాడు, లేకపోతే లేదు.

కొంత తిరిగి వచ్చేది చదివింపుల్లో. పద్యం నచ్చినవాళ్ళు వేదిక దగ్గరికి వచ్చి నోటు ఇస్తారు. ఫలానావారి అబ్బాయి ఫలానావారు దుర్యోధనుడికి ఇంత చదివించారని మైకులో చెబుతారు. నిండు సభలో ద్రౌపది ఏడుస్తుంటే మధ్యలో ఆ ప్రకటన వస్తుంది. దుర్యోధనుడు చేతులు జోడించి దాతకు నమస్కారం పెట్టి, వెంటనే మీసం దువ్వి మళ్ళీ కోపంలోకి వెళ్తాడు. పట్నం ప్రేక్షకుడికి ఇది రసభంగం. ఊరివాళ్ళకు రంగం మీద ఉన్నది రారాజూ, తమ వీధి మనిషీ ఇద్దరూను.

చిరుతల రామాయణం

తెలంగాణ పల్లెల్లో పద్య నాటకం చేసే పనిని ఎక్కువగా చేసినవి యక్షగానం, భాగోతం, చిరుతల రామాయణం. చిందు కళాకారుల వంటివారికి యక్షగానం కులవృత్తి. చిరుతల రామాయణం అలా కాదు, ఊరివాళ్ళు నేర్చుకుని ఆడేది. పొలం పనులు లేని నెలల్లో ఒక గురువును ఊరికి పిలిపించుకుంటారు. చేతుల్లో చిరుతలు, కాళ్ళకు గజ్జెలు, గుండ్రంగా తిరుగుతూ పాట, అడుగు, మాట కలిపి సాధన చేస్తారు. ఆట రోజుల తరబడి సాగి పట్టాభిషేకంతో ముగుస్తుంది. హార్మోనియం ఉండవచ్చు, కానీ పద్య నాటకంలోలా ఒక్క గొంతు మీద బరువంతా పడదు. వంత పాడేవాళ్ళు అందుకుంటారు. అందుకే గొంతు అంతంతమాత్రంగా ఉన్నవాడికి కూడా ఇందులో చోటు సులభంగా దొరుకుతుంది.

పరిషత్తులు, ప్రభుత్వం

1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు ఏర్పడింది. తరవాత దాని పోటీలూ, ఆ నమూనాలో ఊరూరా వచ్చిన పరిషత్తుల పోటీలూ ఔత్సాహిక నాటకానికి కొత్త దారి వేశాయి. బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, విద్యుత్ శాఖవాళ్ళు సమాజాలు పెట్టుకుని కప్పుల కోసం ఊళ్ళు తిరిగారు. అయితే గంటలో ముగిసే, పది నిమిషాల్లో సెట్టు మార్చగల సాంఘిక నాటికకు పోటీ సదుపాయంగా ఉంటుంది. పద్య నాటకం ఆ కొలతలో ఇమడదు. పరిషత్తులు నాటకానికి దర్శకుణ్ణీ క్రమశిక్షణనూ ఇచ్చాయి, పాటను మాత్రం పక్కకు నెట్టాయి.

1998లో ప్రభుత్వం మొదలుపెట్టిన నంది నాటకోత్సవాల్లో పద్య నాటకానికి విడిగా విభాగం ఉండటం ఈ లోటును కొంత తీర్చింది. నిడివి నిబంధన ఉంది కనుక పాత నాటకాలను కుదించడం, కొత్త కథలకు కొత్తగా పద్యాలు రాయించడం జరిగింది. కందుకూరి పుట్టిన ఏప్రిల్ 16ను తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుతారు. రాఘవ పోయింది కూడా ఏప్రిల్ 16నే. శ్రీకాకుళం జిల్లాకు చెందిన యడ్ల గోపాలరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆయనకు పేరు తెచ్చిన వేషం హరిశ్చంద్రుడు కాదు, అప్పు వసూలుకు వెంటపడి రాజును సతాయించే నక్షత్రకుడు. ప్రేక్షకులు ఎవరి కోసం కూర్చుంటారో తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యం ఉండదు.

చింతామణి వివాదం

‘చింతామణి’ని కాళ్ళకూరి వేశ్యావ్యసనాన్ని ఖండించడానికి రాశాడు. బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి ఒక వేశ్య వలలో పడి ఇళ్ళు గుల్ల చేసుకునే కథ. ఆడగా ఆడగా సుబ్బిశెట్టి పాత్ర ఉబ్బిపోయింది. పుస్తకంలో లేని జోకులు, మోటు మాటలు చేరాయి. కాంట్రాక్టు నాటకాల్లో ఆ సీన్ల కోసమే జనం వచ్చేవాళ్ళు. తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు చాలాకాలం అభ్యంతరం చెప్పాక, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటక ప్రదర్శనను నిషేధించింది. అది రంగస్థల కళాకారుల జీవనం మీద దెబ్బ అని మరోవైపు నిరసన వచ్చింది. నాటకం పుస్తకంలో కంటే ఆడేవాళ్ళ నోట్లో ఎక్కువగా పెరిగే పద్ధతికి లాభం జాషువా పద్యాలైతే, నష్టం ఇది.

ఇప్పటి తీరు

గ్రామఫోను రికార్డులు, ఆ తరవాత ఆకాశవాణి, క్యాసెట్లు, ఇప్పుడు యూట్యూబు. మాస్టారు లేని ఊళ్ళో పద్యం నేర్చుకోవడానికి ఇవే దిక్కు. డి.వి.సుబ్బారావు హరిశ్చంద్ర పద్యాలను క్యాసెట్లో విని నేర్చుకున్న నటులు ఒక తరం నిండా ఉన్నారు. వాళ్ళ నోట పద్యంతో పాటు ఆయన దగ్గూ, ఆయన ఆగే చోటూ కూడా వినిపిస్తాయి. అనుకరణ ఒక్కటే మిగలడం ఈ చదువులోని లోపం. దాన్ని సరిదిద్దే హార్మోనిస్టుల సంఖ్య తగ్గుతోంది. కొడుకులు కీబోర్డు పట్టుకుని ఆర్కెస్ట్రాల వైపు వెళ్ళారు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళలో ఉద్యోగ విరమణ చేసినవాళ్ళే ఎక్కువగా కనిపిస్తారు. పద్యం మీద పట్టు వాళ్ళకు బళ్ళో వచ్చింది. గణాలు, యతిప్రాసలు చదవకుండా ఇంగ్లీషు మీడియంలో పెరిగిన పిల్లలకు మాస్టారు పాటకంటే ముందు భాష నేర్పవలసి వస్తోంది. ఆడపిల్లలు మాత్రం కొత్తగా కృష్ణుడు, అర్జునుడు వేషాలకు ముందుకు వస్తున్నారు. ఎత్తు శ్రుతి వాళ్ళ గొంతుకు సహజం కనుక పాతకాలపు ఐదు శ్రుతి మళ్ళీ వినబడుతోంది.

అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ తెలుగు సంఘాల సభల్లో రాయబారం సీను ఒక అలవాటుగా మారింది. కిరీటాలూ ఆభరణాలూ ఇక్కడి నుంచే వెళ్తాయి. నేర్పడం వీడియో కాల్లో. దాంతో ఒక చిక్కు ఉంది. గొంతు అటు నుంచి ఇటు చేరేలోపు హార్మోనియం ముందుకు వెళ్ళిపోతుంది, ఇద్దరూ కలిసి సాధన చేయడం కుదరదు. అందుకని మాస్టారు ఒక్కో పద్యానికి హార్మోనియం ట్రాక్ రికార్డు చేసి పంపుతాడు, శిష్యుడు కారులో ఆఫీసుకు వెళ్తూ దాని మీద పాడుకుంటాడు. ట్రాక్ ఎవరి కోసమూ ఆగదు కనుక, అలా నేర్చుకున్నవాడు రాగాన్ని సరిగ్గా రాసిపెట్టినంత సేపే తీస్తాడు. సభ రోజున వేదిక పక్కన నిజంగా ఒక మనిషి పెట్టె వాయిస్తుంటే, తాను ఆగితే అతనూ ఆగుతాడన్న సంగతి ఒంటబట్టడానికి ముందురోజు రిహార్సల్ మొత్తం సరిపోతుంది.